కొబ్బరి చీడలు – అంబాజీపేట పరిశోధనా స్థానపు మార్గము

వరిపైరు చెడినచో మరుసటి సాలునకు మరల నాటుకొనవచ్చును. కొబ్బరిచెట్టు చెడినచో క్రొత్త మొక్క కాపునకు వచ్చువరకు రైతు పెక్కు సంవత్సరములు వేచియుండవలయును. 1996 నవంబరు 6వ తేదీ తుపానునకు తోటలు కూలిన అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల రైతులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. గాలికి అడ్డు లేదు గాని, చీడలకు ఉపాయము కలదు.

నల్లతల గొంగళిపురుగు ఆకుల అడుగున చేరి, పట్టుదారముతోను తన మలముతోను గూడు కట్టుకొని, పచ్చని పదార్థమును గీకి తినును. దూరమునుండి చూచువారికి తోట మంటలో కమిలినట్లు కన్పట్టును. పొడుగుచెట్లకు మందు చల్లుట కష్టము, వ్యయమును అధికము. 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయమునకు చెందిన అంబాజీపేట పరిశోధనా స్థానమున దీనికి వేరొక మార్గము అవలంబింపబడుచున్నది. బియ్యమును పాడుచేయు రెక్కపురుగును ధాన్యపు నూకపై పెంచి, దాని పిల్లపురుగులను మేతగ నిచ్చి, గోనియోజస్, బ్రాకన్ అను చిన్న రీగలను వృద్ధిచేయుదురు. కొట్టులో శత్రువగు పురుగు ఇచ్చట మేతయగుట విశేషమే. గోనియోజస్ ఆడురీగ గొంగళిపురుగును కుట్టి కదలనీయక, దానిపై గ్రుడ్లు పెట్టి, తన పిల్లలను విడువక కాచుకొనియుండును.

అయితే ఈ రీగలు కొంత ఎదిగిన గొంగళిపురుగులనే పట్టును. పురుగు ఏ దశలో నున్నదో తెలియక వదలినచో ఫలితము తక్కువ. కావున ఆకులు ఎండువరకు ఉపేక్షింపక, పురుగు పట్టిన ఆకు ముక్కను కోసి స్థానమువారికి చూపవలెను.

మధ్య అమెరికా ప్రాంతమునకు చెందిన సర్పిలాకార తెల్లదోమ 2016లో మన దేశమున పొల్లాచి ప్రాంతమున కనబడి, పిమ్మట గోదావరి తోటలకును వ్యాపించెను. ఇది ఆకు రసమును పీల్చి తేనెవంటి బంకను విడుచును. ఆ బంక క్రింది ఆకులపైనను, అంతరపంటలగు అరటి, కోకోలపైనను పడి నల్లని మసి పట్టును. ఈ నలుపును చూచి తొందరపడి విషపుమందులు చల్లుట వలన ఎక్కువ కీడు కలుగును. ఏలయన, ఎన్కార్సియా అను మిక్కిలి చిన్న రీగ దోమపిల్లలను ఆశ్రయించి చంపుచుండును. విషము తగిలిన ఈ రీగయు చచ్చును. అటుపిమ్మట దోమ అడ్డులేక పెరుగును. ఆకు అడుగుభాగమును భూతద్దముతో చూచినప్పుడు దోమపిల్లల పెంకులపై గుండ్రని రంధ్రములు కనబడినచో రీగ పనిచేయుచున్నదని గ్రహింపవలెను.

దోమ మిక్కుటముగ నున్నచోట ఐసేరియా అను శిలీంధ్రపు పొడిని లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున కలిపి, సాయంకాలమున ఆకుల అడుగుభాగము తడియునట్లు చల్లవలెను. ఇది దోమకు రోగము కలిగించును. మసి పోవుటకు నూరు లీటర్ల నీటికి ఒక కిలో గంజిపొడి కలిపి చల్లవచ్చును. ఆరిన గంజి పొరతో కూడ మసి పెచ్చులుగ రాలిపోవును.

రీగలకు తోట గట్లు తెలియవు. రీగలు వదలిన తోటలోనే గాక, ప్రక్క తోటలో చల్లిన విషమును వానికి తగులును. కనుక ఇరుగుపొరుగు రైతులు కూడబలుకుకొని ఒకే కాలమున ఈ పని జరిపించుకొనవలెను. తోటను కౌలునకిచ్చినవారు ఈ విషయమును కౌలుదారునకు ముందుగనే తెలుపవలయును.