గంట మోగింది... ఇడ్లీ ఏదీ?

శ్రీరామనవమి రోజు. భద్రాచలంలో ఓ చిన్న టిఫిన్ సెంటరు కిటకిటలాడుతోందనుకుందాం. సర్వరు మాత్రం ఒక్కడే. మొదటి బల్లవాళ్లు మసాలా దోశ అడిగారు. అది తయారయ్యేదాకా అతను వంటగది దగ్గరే నిలబడిపోతే? మిగతావాళ్లు లేచి వెళ్లిపోతారు!

కంప్యూటర్ల లోకంలోనూ సర్వర్లున్నాయి. వాటిదీ ఇదే చిక్కు. వేలమందికి ఒకేసారి జవాబివ్వాలి. ఒక్కో కనెక్షన్‌లో సమాచారం వచ్చిపోయే ద్వారాన్ని 'సాకెట్' అంటారు. 1983లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విడుదల చేసిన యూనిక్స్‌తో ఇది ప్రచారంలోకి వచ్చింది. మామూలు సాకెట్‌ని సమాచారం అడిగితే, వచ్చేదాకా ప్రోగ్రాము అక్కడే ఆగిపోతుంది. 'నాన్‌బ్లాకింగ్' సాకెట్ అయితే 'ఇప్పుడు లేదు, మళ్లీ రా' అని వెంటనే చెప్పేస్తుంది. ప్రోగ్రాము మరో పని చూసుకుంటుంది.

మరి మళ్లీ ఎప్పుడు రావాలి? ఆ కబురు అందించేది ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి 'కెర్నెల్'. ఫలానా సాకెట్‌లో సమాచారం సిద్ధంగా ఉందంటూ గంట కొడుతుంది.

సిద్ధమంది... మాయమైంది!

ఆ గంటను నమ్మి చిక్కుకుపోయిన ప్రోగ్రాములూ ఉన్నాయి. 2004లో లినక్స్ కెర్నెల్ రూపకర్తల మధ్య దీనిమీదే వాడిగా చర్చ నడిచింది. గంట మోగింది కదాని చదవబోయిన ప్రోగ్రాము అక్కడే బిగుసుకుపోయింది! కారణమేంటి? సమాచారం ప్యాకెట్లుగా వస్తుంది. దారిలో చెడిపోయిందేమో చూసుకోవడానికి ప్యాకెట్‌తోపాటు 'చెక్‌సమ్' అనే లెక్క ఉంటుంది. 'యూడీపీ' పద్ధతిలో వచ్చే ప్యాకెట్ల లెక్కను కెర్నెల్ ఒక్కోసారి చదివే సమయంలోనే సరిచూసేది. తప్పని తేలితే పారేసేది. గంట కొట్టాక, ఇడ్లీ పాచిపోయిందని పళ్లెం వెనక్కి తీసుకున్నట్టన్నమాట!

గంట మోగాక ఆగాల్సిన అవసరం రాకూడదని కొందరు వాదించారు. నాన్‌బ్లాకింగ్ సాకెట్ వాడితే గొడవే ఉండదన్నారు ఇంకొందరు. ఆ తర్వాత, మామూలు సాకెట్లకు గంట కొట్టకముందే లెక్క సరిచూసే ఏర్పాటు కెర్నెల్‌లో చేరింది. అయినా నాన్‌బ్లాకింగ్ వాడటమే క్షేమమని లినక్స్ మాన్యువల్ ఇప్పటికీ సూచిస్తోంది.

అడవి సిగ్నల్... ఆఫీసులో!

ఇలాంటి లోపాలు నగరంలో ఓ పట్టాన బయటపడవు. అక్కడి ఆఫీసుల్లో నెట్‌వర్క్ చక్కగా ఉంటుంది మరి. దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి దారుల్లో సిగ్నల్ బలహీనపడితే మాత్రం ప్యాకెట్లు ఆలస్యమవుతాయి. కొన్ని అసలు రావు. అందుకే ఇంజినీర్లు ఆ అడవి సిగ్నల్‌ని తమ బల్లమీదికే తెచ్చుకుంటారు. లినక్స్‌లోని 'నెట్‌ఎమ్' సాయంతో కావాలనే ప్యాకెట్లను ఆలస్యం చేస్తారు, పోగొడతారు, చెడగొడతారు. ప్యాకెట్ అసలు వచ్చిందా లేదా అన్నది 'టీసీపీడంప్' చెబుతుంది. ప్రోగ్రాము ఎక్కడ ఆగిపోయిందో 'ఎస్‌ట్రేస్' పట్టిస్తుంది.

ఇంత తంటా ఎందుకంటారా? భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటేవరకూ ఊరుకోలేదు గోదారమ్మ. అలాంటి రాత్రి ఎన్నో ఊళ్ల నుంచి కబుర్లు అందుకోవాల్సిన సర్వరు, సిగ్నల్ పోయి మూగబోయిన ఒక్క ఊరికోసం ఆగిపోతే... మిగతా ఊళ్ల గతేంటి?

గంట మోగినా ఓసారి చూసుకుని, లేదంటే నిలబడిపోకుండా పక్క బల్లకు కదిలేవాడే మంచి సర్వరు. హోటల్లో అయినా, కంప్యూటర్లో అయినా!