పన్ను పీకించే ముందు

కింది దవడ పన్ను పుచ్చి రాత్రంతా నిద్ర లేకుండా చేస్తే, తెల్లవారగానే మనలో చాలామందికి తోచేది ఒకటే: పీకించేస్తే పీడ విరగడవుతుంది. నొప్పి పోయే మాట నిజమే. కాని నోటికి అసలు కష్టం అక్కడినుండే మొదలవుతుంది.

పన్ను పోయిన చోటు అలాగే ఉండిపోదు. అటూ ఇటూ ఉన్న పళ్లు క్రమంగా ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. పైదవడలో దానికి ఎదురుగా ఉన్న పన్ను ఆనుకునే ఆధారం లేక కిందికి దిగుతుంది. వాటి సందుల్లో మెతుకులు, మాంసపు పీచు ఇరుక్కుని కొత్త పుచ్చు పుడుతుంది. వేరు లేనిచోట దవడ ఎముక కూడా తరిగిపోతుంది. ఒక్క పన్ను పోవడమంటే ఇదంతా.

అందుచేత "పీకేయండి" అనే ముందు "డాక్టరుగారూ, ఈ పన్ను నిలుస్తుందా?" అని అడగండి. పుచ్చు నరందాకా పోయినా, వేరు గట్టిగా ఉంటే రూట్ కెనాల్ చేసి చాలాసార్లు నిలపవచ్చు. అయితే నొప్పి తగ్గగానే క్యాప్ సంగతి మరచిపోయే వారిని మేము చాలామందిని చూశాము. పెట్టిన డబ్బు వృథా అయ్యేది ఇక్కడే! అప్పటికే గుల్లబారిన దవడ పన్ను ఏ జంతికో కొరికినప్పుడు నిలువునా చీలవచ్చు. చీలిక వేరులోకి దిగితే ఇక పీకడమే దారి.

క్యాప్ అంటే పన్నుకు తొడుగు. పన్నును చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర అరగదీసి, అచ్చు తీసి, లోహంతోనో, లోహంపై పింగాణీతోనో, జిర్కోనియాతోనో తొడుగు చేయించి అతికిస్తారు. ముందు పళ్లకు అందం చూడవలసిందే. నవ్వినా కనిపించని వెనుక పళ్లకు మాత్రం లోహపు తొడుగే మేలని మా అభిప్రాయం. ఖర్చూ తక్కువ, అరగదీయడమూ తక్కువ.

పన్ను ఇప్పటికే పోయిన వారికి బ్రిడ్జి ఉంది. రెండు పక్కల తొడుగులు, నడుమ కట్టుడు పన్ను, మూడూ కలిసి ఒకే ముక్క. పీకిన గాయం మాని చిగురు కుదుటపడేందుకు సాధారణంగా రెండు మూడు నెలలు ఆగుతారు. ఇందులో చిక్కేమంటే, పోయిన ఒక్కదాని కోసం బాగున్న రెండు పళ్లను అరగదీయాలి. పోయిన ఎనామిల్ మళ్లీ పెరగదు. పక్క పళ్లు చెక్కుచెదరకుండా ఉంటే ఇంప్లాంట్ గురించి కూడా అడగండి. ఎముకలో టైటానియం మర బిగించి దానిపై పన్ను నిలిపే ఈ పద్ధతిని స్వీడన్‌లో బ్రొనెమార్క్ 1965లో మొదటిసారి రోగికి చేశారు. ఖర్చు మాత్రం ఎక్కువే.

పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు గాని, కట్టించుకోవడానికి ఆ మాట చెల్లదు. రోడ్డు పక్కన అరగంటలో "ఫిక్స్‌డ్" పన్ను పెట్టేవారు పక్క పళ్లకు తీగ చుట్టి, ప్లాస్టిక్ ముద్ద అంటిస్తారు. దానికింద చిగురు కుళ్లి మంచి పళ్లు కూడా కదులుతాయి. చేతిలో డబ్బు తక్కువైతే హైదరాబాదులోనో, విజయవాడలోనో ప్రభుత్వ దంత కళాశాలకు వెళ్లండి. ఎక్కువసార్లు తిరగవలసి వస్తుంది, అంతే.

బ్రిడ్జి నడుమ పన్ను కింద మామూలు బ్రష్ దూరదు. సన్నని బ్రష్‌తోగాని, దారంతోగాని రోజూ శుభ్రం చేయాలి. తొడుగు వేసినా దాని అంచున పన్ను పుచ్చవచ్చు. కొత్త తొడుగు నమిలేటప్పుడు ఎత్తుగా తగిలితే "అలవాటవుతుందిలే" అనుకోకండి, వెంటనే వెళ్లి సరిచేయించుకోండి.