చందమామ దూరంలో దాగిన వర్గం

తిరుపతి జిల్లాలో పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న శ్రీహరికోట నుంచి 2008లో చంద్రయాన్-1, 2019లో చంద్రయాన్-2, 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరిన సందర్భాలలో తరచు వినవచ్చిన సంఖ్య 3,84,400. భూమి కేంద్రం నుంచి చంద్రుని కేంద్రానికి గల సగటు దూరాన్ని కిలోమీటర్లలో తెలిపే ఈ పూర్ణసంఖ్యను, దూరమన్న మాట పక్కనపెట్టి ఉత్త సంఖ్యగా చూసినా, అది అంకగణితానికి మంచి మేతే అవుతుంది.

620ని 620తో గుణిస్తే సరిగ్గా 3,84,400 వస్తుంది కనుక ఇది వర్గసంఖ్య. దీనిని ప్రధాన సంఖ్యలుగా, అంటే 1తోనూ తమతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగింపబడని సంఖ్యలుగా విడదీస్తే, 2 నాలుగుసార్లు, 5 రెండుసార్లు, 31 రెండుసార్లు కనిపిస్తాయి. ఆవృత్తులు ఒక్కొక్కదానికి 1 కలిపి గుణిస్తే, అనగా 5×3×3, మొత్తం 45 భాజకాలని తేలుతుంది. భాజకాలు జంటలుగా వచ్చేవే అయినా 620 తనకు తానే జంట కావడంవల్ల లెక్క బేసిగా నిలిచింది.

క్రీ.శ. 100 ప్రాంతపు గ్రీకు గణితవేత్త నికోమాకస్ సంఖ్యలను మూడు తెగలుగా విభజించాడు: తనను మినహాయించి మిగిలిన భాజకాల మొత్తం తనకు సమానమైతే పరిపూర్ణ సంఖ్య, తక్కువైతే న్యూన సంఖ్య, ఎక్కువైతే అధిక సంఖ్య. 3,84,400 విషయంలో ఆ మొత్తం 5,69,873 కాబట్టి ఇది అధిక సంఖ్య. అయితే అంత కూడిక అవసరమే లేదు. 6, 28 తరువాత వచ్చే మూడవ పరిపూర్ణ సంఖ్య 496 దీనిని నిశ్శేషంగా భాగిస్తుంది, భాగఫలం 775. 496కు గల 1, 2, 4, 8, 16, 31, 62, 124, 248 అనే భాజకాలను ఒక్కొక్కటిగా 775తో గుణిస్తే వచ్చేవన్నీ 3,84,400కు భాజకాలే, వాటి మొత్తం కూడా 3,84,400 మాత్రమే. వాటిలో చేరని 1ని కలిపితే చాలు, మొత్తం అసలు సంఖ్యను దాటిపోతుంది. పరిపూర్ణ సంఖ్యకు గుణిజమైన ప్రతి పెద్ద సంఖ్యా అధిక సంఖ్యే కావడానికి కారణమిదే. అదే 496, 372తో కలిసి 620 కర్ణంగా గల లంబకోణ త్రిభుజానికి భుజం కూడా అవుతుంది, ఎందుకంటే ఆ రెండింటి వర్గాల మొత్తమూ 3,84,400.

చంద్రుడు దాదాపు 3,63,000 నుంచి 4,05,000 కిలోమీటర్ల మధ్య దగ్గరవుతూ దూరమవుతూ ఉంటాడు కాబట్టి ఈ గుణాలన్నీ కిలోమీటరు అనే కొలతకూ సగటుకూ చెందినవే తప్ప ఆకాశానికి చెందినవి కావు. అదే దూరం మైళ్లలో 2,38,855; దాని ప్రధాన కారణాంకాలు 5, 23, 31, 67 ఒక్కొక్కసారే వస్తాయి, వర్గమన్న మాటే లేదు, తనను మినహాయించిన భాజకాల మొత్తం 74,489కి మించకపోవడంతో అది న్యూన సంఖ్యగా మిగులుతుంది. రెండు కొలతల్లోనూ 31 ఉండటం మాత్రం వట్టి కాకతాళీయం.