ధాన్యపు పైరులలో వెడల్పాకు కలుపు: 2,4-డి మందు వాడు విధము

తొలకరిలో విత్తిన జొన్న మోకాలెత్తు పెరుగక మునుపే గునుగు, తోటకూర, గలిజేరు మొదలగు కలుపు మొక్కలు సాళ్ళనిండ లేచుట రైతులందరు ఎరిగినదే. విత్తిన మొదటి ముప్పది, నలువది దినములు పైరునకు ముఖ్యమైన కాలము. ఆ దినములలో కలుపు తిన్న ఎరువును, త్రాగిన నీటిని పిదప ఎంత పాటుపడినను పైరునకు తిరిగి ఈయజాలము. ముసురు పట్టి గుంటక దిగని నాళ్ళయందును, ఊరనందరికి ఒక్కసారి కలుపు పని వచ్చి కూలీలు దొరకని నాళ్ళయందును కలుపు మందు అక్కరకు వచ్చును.

అట్టి మందులలో 2,4-డి అనునది మిక్కిలి పాతది, వెల తక్కువైనది. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున ఇంగ్లాండు, అమెరికా దేశముల శాస్త్రజ్ఞులు మొక్కల పెరుగుదలను గూర్చి శోధించుచు ఈ తరగతి మందులను కనుగొనిరి. 1945లో 2,4-డి అమెరికాలో అమ్మకమునకు వచ్చినది. ఇది గడ్డి జాతి పైరును విడిచి వెడల్పాటి ఆకుగల కలుపును చంపును. అయితే ఆ వెడల్పాకు మొక్క కలుపో, మనము విత్తుకొనిన కందియో, పొరుగువాని ప్రత్తియో ఈ మందు ఎరుగదు. కావున చేనిలో ఏమున్నది, చేని చుట్టు ఏమున్నది అని చూచుకొనిన పిమ్మటనే మందు డబ్బా మూత తీయవలెను.

1. ఏ కలుపు చచ్చును, ఏది చావదు

మెట్ట చేలలో గునుగు, తోటకూర, గలిజేరు, పల్లేరు, ఉత్తరేణి, వయ్యారిభామ, వరిమళ్ళలో గుంటగలగర, అగ్నివేండ్రపాకు మొదలగునవి లేతగా నున్నపుడు ఈ మందునకు లొంగును. ఊద, గరిక వంటి గడ్డి జాతులు చావవు. తుంగ పైభాగము వాడినను భూమిలోని గడ్డలనుండి మరల మొలచును. వెన్నదేవికూర ఆకు వెడల్పుగా కనబడినను అది గడ్డివలె ఏకదళ బీజపు మొక్క. మిక్కిలి లేతగా నున్నపుడు తప్ప లొంగదు. కావున చేనిలో గడ్డి కలుపే హెచ్చుగా నున్నచో ఈ మందునకు పెట్టిన పైకము దండుగ.

జొన్న వేళ్ళను పట్టి బ్రదుకు జొన్నమల్లెకు కూడ ఇది పనికివచ్చును. ఆ మొక్క భూమిపైకి రాకమునుపే పైరు సారమును పీల్చును గనుక, మందు చల్లినందున ఆ యేటి నష్టమంతయు తీరదు. కాని పూచి విత్తనము రాల్చకుండ చంపవచ్చును. దుమ్మువంటి దాని విత్తనములు నేలలో పది యేండ్లకు పైగా చెడక యుండగలవు. కాబట్టి ఈ యేడు రాలకుండ ఆపిన విత్తనము రాబోవు జొన్న పైరులన్నిటికి మేలు చేయును.

2. మందు పనిచేయు తీరు

మొక్క తన పెరుగుదలను నడుపుకొనుటకు తనలోనే ఒక రసమును పుట్టించుకొనును. 2,4-డి ఆ రసమును పోలిన పదార్థము. ఆకుపై పడినది లోనికి ఇంకి, ఆకులు తయారుచేసిన ఆహారముతో కలిసి చిగురులకు, వేరు కొనలకు చేరును. అచట పెరుగుదల అదుపు తప్పును. కాండము మెలికలు తిరుగును, ఆకు ముడుచుకొనును, ఆహారము పోవు నాళములు పూడిపోవును. ఒకటి మొదలు మూడు వారములలో మొక్క చచ్చును. మరునాటికే ఎండలేదని రెండవసారి చల్లుట వ్యర్థము.

వరి, జొన్న, మొక్కజొన్న ఆకులు సన్నగా నిలువుగా నుండుటచే చుక్కలు జారిపోవును. మొవ్వు ఆకుతొడిమల నడుమ దాగియుండును. లోనికి పోయిన కొద్దిపాటి మందును పైరు తనంత తాను విరిచివేసికొనును. అయినను ఈ ఓర్పు అన్ని దశలలో ఒకే తీరుగ నుండదు. మరీ లేత పైరునకును, వెన్ను లోపల రూపు కట్టుచున్న పైరునకును హాని కలుగును. తరి తప్పి చల్లినచో మొక్కజొన్న కాండము పెళుసై గాలికి విరుగును. కంకి సరిగా గింజ కట్టదు.

3. ఈ మందు చల్లగూడని చోటులు

తెలంగాణములో జొన్న సాళ్ళ నడుమ కంది సాళ్ళు వేయుట పూర్వమునుండి వచ్చుచున్న మంచి పద్ధతి. అట్టి చేనిలో 2,4-డి చల్లరాదు. కలుపుతో పాటు కందియు చచ్చును. పెసర, మినుము కలిపి విత్తిన చేలకు ఇదే వర్తించును. అచట గుంటక, దంతె, చేతి కలుపు తప్ప మార్గము లేదు.

పొరుగున ప్రత్తి యున్నచో మరింత జాగరూకత వలెను. ప్రత్తి ఈ మందును ఏ మాత్రము ఓర్వలేదు. గాలికి కొట్టుకొని వచ్చిన తుంపర సోకినను లేత ఆకులు వెడల్పు చెడి బెండాకువలె చీలి సన్నగిల్లును, ఈనెలు దగ్గరకు చేరి ఉబ్బును, మొగ్గలు రాలును. పురుగు పట్టినదనియో, తెగులనియో భ్రమపడి రైతు పురుగు మందులకు వృథాగా ఖర్చు పెట్టుచుండుట కలదు. సోకిన పిమ్మట దీనికి విరుగుడు లేదు. స్వల్పముగా సోకినచో కొత్త చిగురు సరిగా వచ్చి పైరు తేరుకొనును గాని కాపు వెనుకబడును. హెచ్చుగా సోకినచో ఆ యేటి ఫలసాయము పోవును. మిరప, వంగ, టమాట, పొగాకు, నువ్వు, ఆముదము, ద్రాక్ష తోటలకు కూడ ఈ భయము కలదు. గట్టుకు ఇరుప్రక్కల వారికి ఒక పూట అజాగ్రత్త వలన ఏండ్ల తరబడి వైరము కలుగునంతటి నష్టమిది. కనుక చల్లుటకు ముందు పొరుగు రైతునకు తెలిపి, వాని చేనివైపు గాలి వీచని పూట చూచుకొనుట మర్యాదయు క్షేమమును.

ఈ మందు సోడియం లవణము, ఎమైను లవణము, ఎస్టరు అను రూపములలో దొరకును. ఎస్టరు రూపము చల్లిన తరువాత కూడ వేడికి ఆవిరియై దూరము పోగలదు. ప్రత్తి, కూరగాయలు గల ప్రాంతమున దానిని కొనకుండుటే మేలు. సోడియం లవణపు పొడి అట్లు ఆవిరి కాదు. తుంపర కొట్టుకొని పోకుండ చూచుకొనిన చాలును.

4. తరుణము, మోతాదు

నూటికి 80 పాళ్ళు మందుగల సోడియం లవణపు పొడిని వాడు రీతి ఇది:

వరి: నాటిన 25 మొదలు 30 దినములకు ఎకరమునకు 400 గ్రాములు. చల్లుటకు ముందు మడిలోని నీరు తీసివేసి కలుపు ఆకులు బయటపడునట్లు చేయవలెను. రెండు దినముల పిమ్మట మరల నీరు పెట్టవలెను.

జొన్న: విత్తిన నాలుగు వారముల ప్రాంతమున ఎకరమునకు 400 గ్రాములు. పొట్ట దశ సమీపించిన పైరుపై చల్లరాదు.

మొక్కజొన్న: విత్తిన 30 దినముల ప్రాంతమున ఎకరమునకు 500 గ్రాములు. పైరు అంతకు మించి ఎదిగియున్నచో మొవ్వులో పడకుండ సాళ్ళ నడుమ కలుపుపై మాత్రమే చల్లవలెను.

అన్నిటికి ఎకరమునకు 200 లీటర్ల నీరు కావలెను. కొనిన డబ్బాపై వేరు మోతాదు వ్రాసియున్నచో దానినే పాటింపవలెను.

మోతాదు తప్పుటకు ముఖ్య కారణము నడకను కొలుచుకొనకుండుట. దీనికి సులభమైన ఉపాయము కలదు. ఎకరమునకు 40 గుంటలు గనుక, 200 లీటర్ల లెక్కన గుంటకు 5 లీటర్లు పడవలెను. పదునొకండు గజముల పొడవు, పదునొకండు గజముల వెడల్పు గల చోటు గుంట యగును. అంత చోటు కొలిచి, వట్టి నీరు 5 లీటర్లు పోసి మామూలు నడకతో చల్లి చూడవలెను. నీరు ముందే అయిపోయినచో నడక పెంచవలెను, మిగిలినచో తగ్గింపవలెను. నడక కుదిరిన తరువాత 16 లీటర్ల డబ్బాకు వరి, జొన్నలకైతే 32 గ్రాములు, మొక్కజొన్నకైతే 40 గ్రాములు పొడి కలుపవలెను. పొడిని ముందుగా కొద్ది నీటిలో కర్రతో కలిపి, గుడ్డలో వడగట్టి డబ్బాలో పోయవలెను.

కలుపు రెండు నాలుగు ఆకులతో లేతగా, నేలలో పదునుండి, ఎండ కాయుచున్న దినము మంచిది. చల్లిన తరువాత ఐదారు గంటలు వాన లేకుండవలెను. బెట్టకు వాడిన కలుపు మందును సరిగా పీల్చుకొనదు.

5. గాలి, పిచికారి యంత్రము

తుంపర ఎంత సన్ననిదైన అంత దూరము పోవును. కావున విసనకఱ్ఱ ఆకారముగ నీరు చిమ్ము నాజిలు అమర్చి, దానిని నేలకు దగ్గరగా పట్టి, పెద్ద చుక్కలు పడునట్లు తక్కువ ఒత్తిడితో చల్లవలెను. ఆకులు కదలునంత గాలి యున్నపుడు పని ఆపవలెను.

కలుపు మందు చల్లిన యంత్రముతో ప్రత్తికి గాని, మిరపకు గాని పురుగు మందు చల్లుటచే పైరు చెడిన సందర్భములు కలవు. గొట్టమున అంటియున్న కొద్ది మందే ఇందుకు చాలును. వీలైనచో కలుపు మందునకు ప్రత్యేకముగ ఒక యంత్రమునుంచి దానికి ఎఱ్ఱ రంగు గుర్తు పెట్టవలెను. వీలుకానిచో మూడుసార్లు నీటితో కడిగి, చాకలి సోడా కలిపిన నీరు నింపి రాత్రియంతయు ఉంచి, మరునాడు గొట్టములోనుండి చిమ్మించి, మరల మంచి నీటితో కడుగవలెను. ఆ కడుగు నీటిని చెరువు, బావి, కాలువలలో పోయరాదు.

6. మనుష్యులు, పశువులు

మన పల్లెలలో స్త్రీలు తోటకూర, గలిజేరు, గునుగు ఆకులను చేలనుండి కోసి కూర వండుదురు. ఈ మందు చంపునవియు అవే. మందు చల్లిన చేని ఆకు మరునాటికి పచ్చగానే కనబడును. చూచి గుర్తించుట కాదు. కావున కూలీలకు, ఇరుగు పొరుగు వారికి ముందుగా చెప్పి, ఆ చేని ఆకును ఎవరును కోయకుండ చూడవలెను. మందు తగిలి వాడిన కొన్ని మొక్కలను పశువులు మునుపటికంటె ఇష్టముగ మేయును. వాటిని ఆ చేనిలోనికి తోలరాదు, ఆ కలుపును మేతగా వేయరాదు.

చల్లువాడు నిండు చేతుల చొక్కా, చేతులకు తొడుగులు, కంటికి అద్దములు ధరింపవలెను. ఈ మందు కంటికి మిక్కిలి చెరుపు చేయును. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2015లో దీనిని మనుష్యులలో క్యాన్సరు కలిగింపగలదేమోనను అనుమానము గల పదార్థములలో చేర్చినది. కనుక ఒట్టి చేతితో కలుపుట, నాజిలును నోటితో ఊదుట మానవలెను. పని ముగియగనే సబ్బుతో స్నానము చేయవలెను.

7. మందొక్కటే చాలదు

ఏటేట ఇదే మందు చల్లు చేలలో వెడల్పాకు కలుపు తగ్గి, గడ్డి కలుపు చోటు చేసికొనును. అంతియే గాక మందునకు లొంగని మొక్కలే మిగిలి వాని విత్తనము వృద్ధియగును. హవాయి ద్వీపముల చెరకు తోటలలో వెన్నదేవి జాతి కలుపు ఒకటి 2,4-డికి లొంగకుండుట 1957లోనే బయటపడినది. కావున వేసవి దుక్కి, సకాలమున గుంటక, పైరు మార్పిడి, పూయక మునుపే కలుపు పీకుట అను పాత పనులను విడువరాదు. మందు చల్లిన నేలలో నెల దినములు గడవనిదే ప్రత్తి, ఆముదము, పప్పు ధాన్యములు విత్తరాదు.

చల్లబోవు ముందు రైతు చేని గట్టున నిలిచి ఐదు సంగతులు విచారింపవలెను: కలుపు వెడల్పాకుదేనా? చేనిలో కంది, పెసర లేవు గదా? పైరు తరి సరిపోయినదా? గాలి ఎటు వీచుచున్నది, అటు ఎవరి పైరున్నది? యంత్రము తరువాత ఏ పైరునకు పోవును? వీనిలో ఒక్కదానికైనను సరియైన జవాబు దొరకనిచో ఆనాటికి మందు కట్టిపెట్టి, స్థానిక వ్యవసాయాధికారిని అడిగి తెలిసికొనిన పిమ్మట చల్లుట శ్రేయము.