పులియుటకు తగిన నీరు

అంబలియైనను, బీరైనను, పులియబెట్టుటకు నీరే మొదలు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతమున నేల క్రింద సున్నపురాయి పొరలు కలవు. వాననీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి ఈ రాతిని కరిగించును. అందుచే బావినీరు కఠినజలమగును. దానిలోని బైకార్బొనేటు పులుపును హరించును. పిల్సెన్ నగరమున 1842లో లేతరంగు బీరు తయారగుటకు అచ్చటి మృదుజలము తోడ్పడెను.

అంబలిలో హానికర సూక్ష్మజీవులను అణచునది పులుపే. నీటిని మరిగించి, చల్లార్చి, తేటను వంచుకొన్నచో బైకార్బొనేటు చాలవరకు తెల్లని మడ్డిగా అడుగున నిలుచును. బడిలో సబ్బుతో దీనిని పరీక్షింపవచ్చును: మరిగించిన నీరు ఎక్కువ నురుగు నిచ్చును. మరిగించినను నురుగు పెరగనిచో కాఠిన్యమునకు జిప్సమువంటి లవణములు కారణమని గ్రహింపవలెను.

నైట్రేటు, ఫ్లోరైడు మరిగించినను పోవు. నీరు తగ్గినకొలది గాఢమగును. వానిని తెలిసికొనుటకు పరీక్షాలయమే శరణ్యము.