ధ్వనిముద్రికల సంజ్ఞావిచారము

పతంజలి మహాభాష్యమున శబ్దప్రవృత్తిని జాతి, గుణ, క్రియా, యదృచ్ఛా భేదముచే చతుర్విధముగా నిరూపించెను. డిత్థాదులు యదృచ్ఛాశబ్దములు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో మౌఖికవాఙ్మయమును సేకరించు పరిశోధకుని చేతి రికార్డరు తన ఫైళ్లకు పెట్టు పేర్లు ఏ కోవకు చెందునో విచారింపదగియున్నది. శిశువునకు పదునొకండవ నాడు నామకరణము. ఈ యంత్రము మాత్రము పుట్టిన క్షణముననే పేరిడును.

జూమ్ వారి హెచ్4ఎన్ యంత్రము స్టీరియో ముద్రణకు ఎస్‌టీఈ-000, ఎస్‌టీఈ-001 అని వరుసగా పేరిడును. ఇందు పూర్వభాగము జాతివాచకము, ఉత్తరభాగము సంఖ్యామాత్రము. సోనీ వారి ఐసీడీ వర్గములోని కొన్ని యంత్రములు 071010_001 వలె సంవత్సర, మాస, దినములను రెండేసి అంకెలతో కూర్చి క్రమసంఖ్యను చేర్చును. టాస్కామ్ డీఆర్-40లో ఈ తేదీపద్ధతినైనను, ఆరక్షరముల స్వేచ్ఛాపదమునైనను ఎన్నుకొనవచ్చును. పాత ఎఫ్ఏటీ వ్యవస్థలో పేరు 8 అక్షరములు, తోక 3 అక్షరములు మించరాదు. ఆ పొదుపు ఈ పేర్లలో నేటికిని కనబడుచున్నది.

సంవత్సరమును ముందుంచుటలో యుక్తి కలదు. అకారాదిగా పేర్చినను అవి కాలక్రమముననే నిలుచును. దినమును ముందుంచినచో అన్ని నెలల ఒకటవ తేదీలును ఒకచోట చేరును. రెండంకెల సంవత్సరమునకు మాత్రము తాళపత్రపుష్పికల దోషమే పట్టినది. పుష్పికలో ఖరనామసంవత్సరమనియే యున్నచో అది 1951-52యో 2011-12యో తేలదు. అక్కడ ఆవృత్తి అరువది యేండ్లు, ఇక్కడ నూరు.

సంకల్పమున దేశమును, కాలమును, కర్తను చెప్పుదుము. యంత్రమునకు తెలిసినది కాలమొక్కటే. అదియును గడియారము సరిగా దిద్దియున్నప్పుడే. బ్యాటరీ తీసి చాలకాలముంచిన గడియారము ఆదిదినమునకు పోవచ్చును, పిమ్మట పేరు అసత్యమగును.

నష్టమెట్లు కలుగునో చూడుడు. ధర్మపురిలో గోదావరీతీరమున ఒక వృద్ధఘనపాఠి చెప్పిన ఘన ఎస్‌టీఈ-000 అయినదనుకొందము. దానిని కంప్యూటరునకెక్కించి కార్డును తుడిచి, సిరిసిల్లలో పద్మశాలీలకు కూనపులివారు పటము చూపి చెప్పు మార్కండేయపురాణమును పట్టినచో అదియును ఎస్‌టీఈ-000 కావచ్చును. రెండవదానిని అదే అరలోనికి ఎక్కించునప్పుడు, పాతదానిని తొలగింపవలెనా అని కంప్యూటరు అడుగును. అలసిన చేయి ఔనన్నచో ఘన పోయినట్లే. ఆ స్వరము మరల లభించుట దైవాధీనము.

దీర్ఘకథలకు మరియొక చిక్కు. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ల స్టీరియో ముద్రణ 3 గంటల 20 నిమిషములకు సుమారు 2 గిగాబైట్లగును. అచ్చట హెచ్4ఎన్ ఫైలును తెంచి తరువాతి సంఖ్యతో కొత్తది తెరచును. కథ నడుమ తెగినదని పేరులో సూచన యుండదు. వినువాడు రెంటిని రెండు కథలుగా నెంచవచ్చును.

కావున మీట నొక్కిన వెంటనే స్థలము, తేదీ, చెప్పువారి పేరు, సంహితయో పదమో క్రమమో జటయో ఘనయో నోటితో పలికి ముద్రింపవలెను. పేరెన్నిమారులు మారినను ఈ వాచికపుష్పిక ధ్వనిలోనే నిలుచును. కంప్యూటరునకెక్కించిన పిదప నాలుగంకెల సంవత్సరముతో, స్థలముతో కొత్త పేరిడవలెను. కోరుట్లను రోమన్ లిపిలో పలువురు పలువిధముల వ్రాయుదురు గనుక ఒక వర్ణక్రమమును ముందే నిశ్చయించుకొనవలెను. యంత్రమిచ్చిన పాతపేరును మాత్రము పారవేయరాదు; కార్డులోని మూలప్రతితో సరిచూచుటకు అదియే ఆధారము గనుక దానిని పట్టికలో కొత్తపేరునకెదురుగా వ్రాసియుంచవలెను.