కప్పీ కదిలితేనే బలం

బావి గిలక, అంటే కప్పీ, మీద చేంతాడు సులువుగానే జారుతుంది. కానీ 10 కిలోల బిందె పైకి రావాలంటే 10 కిలోల బరువుకు సరిపడా లాగవలసిందే. రాపిడి కలిస్తే ఇంకాస్త ఎక్కువే. గిలక చేసే మేలు దిశ మార్చడం. పైకెత్తవలసిన బరువును కిందికి లాగుతూ తెస్తాం కాబట్టి మన ఒంటి బరువు సాయానికి వస్తుంది. బలం పెరగాలంటే కప్పీ ఒకచోట బిగిసి ఉండకూడదు, బరువుతోపాటు తానూ కదలాలి. తాడు ఒక కొసను పైన దూలానికి కట్టి, కప్పీని బిందెకు తగిలించి, రెండో కొస పట్టుకుని లాగితే రెండు పాయలూ బరువును చెరిసగం మోస్తాయి. చేతికి తెలిసేది 5 కిలోలే. బదులుగా, బిందె మీటరు లేవడానికి రెండు మీటర్ల తాడు లాగాలి.

ఈ లెక్క చాలా పాతది. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో సిరక్యూస్ రాజు ఎదుట ఆర్కిమెడిస్ మనుషులతో, సరుకుతో నిండిన ఓడను కూర్చున్నచోటి నుంచే కప్పీల తాడుతో లాగాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ మూడు కప్పీల యంత్రాన్నీ ఐదు కప్పీల యంత్రాన్నీ వేరువేరు పేర్లతో వర్ణించాడు. ఆ తర్వాత శతాబ్దాల పాటు కప్పీ ఓడల మీదా బతికింది. బ్రిటన్ తెరచాపల నావికాదళానికి ఏటా లక్ష కప్పీల దాకా కావలసి వచ్చేవి. చాలావరకు చేతిపనే. ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మౌత్‌లో మార్క్ బ్రూనెల్ రూపకల్పన చేసి, హెన్రీ మాడ్‌స్లే తయారుచేసిన యంత్రాలు 1808 నాటికి ఏడాదికి 1,30,000 కప్పీలు చేశాయి. లోహయంత్రాల వరుసతో ఒకే రకం వస్తువును గుట్టలుగా చేయడం ప్రపంచం తొలిసారి చూసిన చోట్లలో అది ఒకటి. ఇంత చిన్న చక్రం కోసం అంత పెద్ద మలుపు వచ్చిందంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఓడల నుంచి కప్పీ అడవికి నడిచింది. కాలిఫోర్నియాలోని యురేకాలో జాన్ డోల్బీర్ 1882లో పేటెంట్ పొందిన ఆవిరి యంత్రం, ఎడ్లు లాగలేని రెడ్‌వుడ్ దుంగలను తాడుతో ఈడ్చింది. తర్వాత ఎత్తయిన మానుకు తల నరికి, దాని కొనన కప్పీ వేలాడదీసి, దుంగల ముందు భాగాన్ని నేల మీది అడ్డంకుల నుంచి పైకి లేపి లాగే పద్ధతి వచ్చింది.

ఇప్పుడు ఇంటి వైపు వాలిన చెట్టును అవతలి వైపు పడేయాలనుకోండి. ముందు చూడవలసింది తాడు ఎక్కడ కట్టామన్నది. మొదలు దగ్గర 3 మీటర్ల ఎత్తున లాగినదానికంటే 12 మీటర్ల ఎత్తున అదే బలంతో లాగితే, చెట్టును వంచే శక్తి నాలుగింతలు. మరీ కొనన కడితే మాత్రం అక్కడ కాండం సన్నం, విరిగిపోతుంది.

తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఎదుటి చెట్టుకు కప్పీ కట్టి, తాడును దాని మీదుగా ట్రాక్టర్‌కు తగిలించి, బలం రెట్టింపయిందనుకుంటారు. అది బావి గిలక పనే. అయినా ఆ కప్పీ అక్కడ ఉండాలి. చెట్టు పడే దారిలోంచి ట్రాక్టర్‌నూ డ్రైవర్‌నూ పక్కకు తప్పించేది అదే.

మనుషులే లాగి బలం పెంచాలంటే, ఎదుటి కప్పీ మీదుగా వెనక్కి తెచ్చిన తాడును రెండో కప్పీలో తిప్పాలి. ఆ రెండో కప్పీని, చెట్టు నుంచి వచ్చే తాడు మీదే ప్రుసిక్ ముడితో పట్టించాలి. ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రుసిక్ పేరు మీద ఉన్న ఆ ముడి, బరువు పడితే తాడును గట్టిగా కరుస్తుంది, వదిలిస్తే జరుగుతుంది. లెక్క ప్రకారం మూడింతల బలం. ఒక్కో కప్పీ దగ్గర పదో వంతు రాపిడికి పోతే మిగిలేది 2.71 రెట్లు. లాగే కొసను కూడా మరో కప్పీతో పక్కకు తిప్పకపోతే, లాగేవాళ్లు చెట్టు పడే దారిలోనే నిలబడినట్టు.

ఎంత లాగినా చెట్టును దించేది కోతే. పడవలసిన వైపు గాటు, వెనక కోత, రెంటి మధ్యా మాను మందంలో దాదాపు పదో వంతు చెక్క. తలుపుకు బందులా ఆ చెక్క వంగుతూ చెట్టుకు దారి చూపుతుంది. వెనక కోత పూర్తికాకముందే తాడును అతిగా బిగిస్తే మాను నిలువునా చీలి, కోసేవాడి మీదికి ఎగరవచ్చు. అందుకే మొదట తాడు వదులు తీసేంతే లాగి, కోత తగినంత లోతుకు వెళ్లాక, కోసేవాడు తప్పుకున్నాక, నెమ్మదిగా బలం పెంచుతారు.

అందరూ చెట్టునే చూస్తుంటారు, ఎదుటి కప్పీని కట్టిన పట్టీని ఎవరూ చూడరు. 500 కిలోల బలంతో లాగే తాడు దాని మీదుగా తిరిగి వెనక్కే వస్తే పట్టీ మీద పడేది 1,000 కిలోలు. లంబకోణంలో పక్కకు తిరిగితే 700 కిలోలకు పైనే. కనుక పట్టీ తాడు కంటే గట్టిదై ఉండాలి. తాడు తిరిగిన మూల లోపలి వైపు ఎవరూ నిలబడకూడదు. పట్టీ తెగితే కప్పీ దూసుకొచ్చేది అటువైపే. నైలాన్ తాడు బాగా సాగుతుంది గనుక దాని విసురు మరీ ఎక్కువ. ఈ పనికి సాగుడు తక్కువైన పాలియెస్టర్ తాడు మేలు.